నాన్న ఆంటార్కిటికాలో ఉన్న ఏడాది

జీలాంగ్
10 జూన్ 1979, ఆదివారం

థోరా అత్తయ్యకు,

మేము టాస్మేనియా వదిలి సముద్రం దాటి ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు. బాగాలేనని రాస్తే వెళ్ళి నాన్నకు చెబుతావు. అందుకని ఇల్లెలా ఉందో రాస్తున్నాను.

ఇల్లంటే సగం ఇల్లు. మధ్యలో గోడ పెట్టి రెండు చేశారు. అవతలి సగంలో ఇద్దరు నర్సులు ఉంటారు. మా వంటింటి కిటికీలోంచి కంచె తప్ప ఇంకేమీ కనబడదు. అమ్మకు ఉన్ని గోదాము ఆఫీసులో టైపిస్టు పని దొరికింది. సాయంత్రం వచ్చేసరికి ఆమె కోటు గొర్రెల వాసన వేస్తుంది. "ఆపిల్ వాసన వదిలిందనుకుంటే ఇదొకటి తగులుకుంది" అని తనే నవ్వుతుంది.

స్కూల్లో తొమ్మిది వందల మంది. అక్కడ మన ఊళ్ళో నేనెవరి పిల్లనో అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలియదు. మొదట అదే హాయిగా అనిపించింది. భోజనాల గంటలో లైబ్రరీలో కూర్చుంటాను. లైబ్రరీలో తినకూడదు కాబట్టి స్కూలు వదిలాక దారిలో నడుస్తూ తింటాను.

ఒక సాయం చెయ్యాలి అత్తయ్యా. ఆంటార్కిటికా గురించి ఏమైనా దొరికితే పంపు. అక్కడి మనుషులు ఏం తింటారు, చీకట్లో అన్ని నెలలు ఎలా ఉంటారు, డీజిల్ మెకానిక్కు చేసే పనేమిటి, ఇవన్నీ కావాలి. స్కూలు పని మీదే. పుస్తకాల్లో పెంగ్విన్ల సంగతే ఉంది, మనుషుల సంగతి లేదు. ఓడలు మన హోబర్ట్ రేవు మీదుగానే కదా వెళ్ళేది, నీకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు.

నాన్న ఎలా ఉన్నాడని అడగడం లేదు. అడిగాననుకో.

నీ డెల్

~

హ్యూవన్‌విల్, టాస్మేనియా
18 జూన్ 1979

డెల్ తల్లీ,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. షెడ్డులో ఆపిళ్ళు ఏరుతూ ఏరుతూ మధ్యలో ఆపి చదువుకున్నాను. మా ఫోర్‌మన్ లిండ్సే వెనకనుంచి తొంగి చూసి, "ప్రేమలేఖా థోరా?" అన్నాడు. "అవునయ్యా, యాభై మూడేళ్ళకు వచ్చింది, నీకేం నొప్పి?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

నీకు చదువు మీద ఇంత ఆసక్తి పుట్టినందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కొత్త స్కూల్లో పిల్ల బెంగపెట్టుకుంటుందేమోనని భయపడ్డాను. నువ్వేమో ఏకంగా భూగోళం పట్టుకున్నావు! మా పక్క వీధి హిల్డా మేనల్లుడు రెండేళ్ళ కిందట ఆ మంచులో వంటవాడుగా పనిచేసి వచ్చాడు. వాణ్ణి ఇంటికి పిలిచి కేకు పెట్టి మరీ అడిగాను. పన్నెండు పేజీలు రాశాను, దీనితో పంపుతున్నాను. డీజిల్ మెకానిక్కే అక్కడ అందరికన్నా ముఖ్యమట. ఇంజను ఆగితే వెలుతురు ఆగుతుంది, వెలుతురు ఆగితే మనుషులు ఆగుతారు అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది, నువ్వు వాడుకో.

మీ నాన్న మిగిలిన నాలుగెకరాల్లో కొమ్మలు కత్తిరిస్తున్నాడు. గురువారం గురువారం నా దగ్గర భోజనం. ఏం పెట్టినా తింటాడు, ఏం అడిగినా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"లో ఎన్ని రకాలున్నాయో నాకొక్కదానికే తెలుసు. నీ పేరెత్తితే మాత్రం తల పైకెత్తుతాడు.

మీ అమ్మ వండిపెడుతోందా, లేక ఆఫీసు మోజులో నిన్ను డబ్బా తిండి మీద వదిలేసిందా? నిజం రాయి. ఫోను చేద్దామంటే మా లైను నాలుగిళ్ళకూ కలిపి ఒకటే. అందులో ఒకింటి బెరిల్ చెవి రిసీవరుకు అతుక్కునే ఉంటుంది. ఉత్తరమే మేలు.

గోళ్ళు కొరకకు.
థోరా అత్త

~

జీలాంగ్
1 జూలై 1979, ఆదివారం

అత్తయ్యా,

పన్నెండు పేజీలూ రెండేసిసార్లు చదివాను. నీకు, ఆ వంటాయనకు, హిల్డా గారికి, కేకుకు, అందరికీ థాంక్స్. జూలై ఇరవయ్యో తేదీ శుక్రవారం నేను క్లాసు ముందు నిలబడి ఆంటార్కిటికా మీద మాట్లాడాలి. మా టీచరు మిస్ పాస్కో తల్లిదండ్రులెవరైనా వచ్చి వినవచ్చు అంది. అమ్మకు ఆ రోజు సెలవు లేదు. అదే మంచిది.

అమ్మ వండుతోంది. డబ్బా తిండి కాదు. అమ్మ గురించి అలా రాయకు అత్తయ్యా.

చదువు బాగానే ఉంది. లెక్కలు కూడా బాగానే ఉన్నాయి.

ఇంకేం రాయను? శనివారాలు మాత్రం బాగుంటాయి. ఆంటన్ వస్తారు. రెండు గంటలు కూర్చుంటారు, ఒక్కోసారి మూడు. ఆయన కోసం అమ్మ పొద్దున్నే లేచి గసగసాల కేకు చేస్తుంది. ఆయన తన దేశం కబుర్లు చెబుతుంటే అమ్మ నవ్వుతుంది. అమ్మ అంత గట్టిగా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. ఆంటన్ వెళ్ళాక కూడా ఇంట్లో కాసేపు ఆ నవ్వు ఉన్నట్టే ఉంటుంది.

గోళ్ళు కొరకడం లేదు. ఎడమ చేతివి తప్ప.

డెల్

~

హ్యూవన్‌విల్
9 జూలై 1979

డెల్,

ఎవరమ్మా ఆ ఆంటన్?

కోర్టు కాగితాల మీద తడి ఆరి మూడు నెలలు కాలేదు. మీ అమ్మ ఇష్టం మీ అమ్మది, నేనెవర్ని కాదనడానికి. కానీ ఎదిగే ఆడపిల్ల ముందు ప్రతి శనివారం మూడేసి గంటలు ఎవరో ఒకాయన కూర్చోవడమేమిటి, కేకులేమిటి, నవ్వులేమిటి?

గురువారం మీ నాన్న సూపు తాగుతుంటే మాట వరసకు అన్నాను. "మోరీన్ ఇంటికి ఎవరో ఆంటనట, శనివారాలు వస్తాడట" అని. ఆయన చెంచా కింద పెట్టాడు. "ఊఁ" అని కూడా అనలేదు. మిగతా సూపు అలాగే వదిలేసి లేచాడు. గుమ్మం దాటబోతుంటే నీ ఉపన్యాసం సంగతి కూడా చెప్పాను లే, మనసు తేలికపడుతుందని. ఏ తేదీ అని అడిగాడు. చెప్పాను.

నీకు పెంగ్విన్ బొమ్మ ఒకటి పంపుతున్నాను. క్యాలెండరులోంచి కత్తిరించాను. జూలై నెల పోయినా ఫరవాలేదు, ఎలాగూ అంతా వానే.

థోరా అత్త

~

హ్యూవన్‌విల్
17 జూలై 1979, మంగళవారం

డెల్,

రెండే ముక్కలు. మీ నాన్న బయలుదేరుతున్నాడు! రేపు బస్సెక్కి డెవన్‌పోర్టు, అక్కణ్ణుంచి ఓడ. శుక్రవారం నీ ఉపన్యాసం వింటాడట. "పిల్లకు చెప్పకు, దానంతట అదే చూస్తుంది" అన్నాడు. తన పెళ్ళి కోటు బయటికి తీసి నా చేత బొత్తాలు కుట్టించుకున్నాడు. నోరు ఊరుకోక నేను చెప్పేస్తున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, మనిషి ముందు చేరతాడో!

అత్త

~

జీలాంగ్
22 జూలై 1979, ఆదివారం

థోరా అత్తయ్యకు,

మనిషే ముందు చేరాడు.

ఆంటన్ గారికి డెబ్బై రెండేళ్ళు. ఆయన మా ఇంటి యజమాని, వెనక ఇంట్లో ఉంటారు. పేరు మెసారిచ్. అది పలకలేక అందరూ ఆంటన్ అంటారు. ఒకప్పుడు క్రొయేషియాలో భూములు కొలిచే సర్వేయరు. శనివారాలు వచ్చి నాకు లెక్కలు చెబుతారు. ఎందుకంటే నాకు లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చింది. అక్కడ ఎప్పుడూ తొంభై దాటేది, ఇక్కడ ముప్పై ఒకటి. నేను వచ్చేసరికే వీళ్ళు త్రికోణమితి సగం చేసేశారు. మన ఊళ్ళో మొదలే పెట్టలేదు. రాలేదని చెప్పడానికి సిగ్గేసి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన ఫీజు తీసుకోరు, అందుకే కేకు. ఇదంతా రాస్తే నువ్వు నాన్నకు చెబుతావని దాచాను. నువ్వు ఇంకొకటి చెప్పావు.

ఇప్పుడు రెండోది విను. ఆంటార్కిటికా మొదట స్కూలు పని కాదు. నేను ఆడిన అబద్ధం.

మొదటిరోజు ఒక ఫారం ఇచ్చారు. తండ్రి పేరు, వృత్తి, చిరునామా. నా ముందు వరసలో ఎవరో ఒక పిల్ల గురించి గుసగుసలాడుతున్నారు. "వాళ్ళ అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారట. దాన్ని ఇంటికి పిలవొద్దంది మా అమ్మ." అప్పుడు నా కలం ఆగిపోయింది. తర్వాత చూస్తే "ఆంటార్కిటికా" అని రాసి ఉంది. అక్కడికైతే డిసెంబరుదాకా ఓడ వెళ్ళదు. ఎవరూ వెళ్ళి చూడలేరు. డిసెంబరుకల్లా నువ్వూ నాన్నా అమ్మా మాట్లాడుకుని ఏదో ఒకటి సర్దుకుంటారనుకున్నాను. ఆ పేరు రాయగానే అందరూ నా చుట్టూ చేరారు. నీ ఉత్తరాలు దూరంగా ఎత్తి చూపించి, నాన్న రాశాడని చెప్పాను. ఓడలు వెళ్ళనప్పుడు ఉత్తరాలెలా వచ్చాయని ఎవరూ అడగలేదు. మిస్ పాస్కో నన్ను ఆంటార్కిటికా మీద మాట్లాడమంది, క్లాసులో ప్రపంచ పటం మీద ఎర్ర పిన్ను గుచ్చారు. దాని పక్కన "క్లెమెంట్ థార్ప్, డీజిల్ మెకానిక్, డెల్విన్ తండ్రి" అని నా చేత్తో నేనే రాశాను.

శుక్రవారం నేను మాట్లాడబోతుండగా తలుపు తట్టి నాన్న వచ్చాడు. ఆ కోటు, చేతిలో పెట్టెడు స్టర్మర్ రకం ఆపిళ్ళు. మిస్ పాస్కో, "మీరెవరండీ?" అంది.

నాన్న నన్ను చూసి నవ్వబోయాడు. అప్పుడే ఆ పటం కనబడింది. చదివాడు. నేను ఆయన కళ్ళలోకి చూడలేదు. ఎంతసేపు చదివాడో తెలియదు. తర్వాత టోపీ తీసి, "నా పేరు లిండ్సే అండీ. థార్ప్ గారి తోటలో పనిచేస్తాను. ఈ వైపు పనుండి వచ్చాను. అయ్యగారు లేరు కదా, పిల్లకు ఈ ఆపిళ్ళు ఇచ్చి పోదామని" అన్నాడు.

మిస్ ఆయన్ని వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని, మా నాన్న మంచులో ఇంజను ఆగకుండా ఎలా కాస్తాడో నా నోటి వెంట మొదటినుంచి చివరిదాకా విన్నాడు. చప్పట్లు కూడా కొట్టాడు. గుమ్మం దగ్గర నాతో, "బాగా చెప్పావు తల్లీ. వింటుంటే నాకే చలేసింది" అన్నాడు. నాన్నా అని పిలుద్దామనుకున్నాను. పక్కన మా క్లాసు జానిస్ ఉంది. ఆయన టోపీ పెట్టుకుని, "వెళ్ళొస్తానండీ, మిస్ థార్ప్" అని వెళ్ళిపోయాడు. ఇంటికి కూడా రాలేదు.

ఆపిళ్ళు క్లాసంతా తిన్నారు. నేను తినలేదు.

నేనిక స్కూలుకు వెళ్ళను. వచ్చే మార్చికి పదిహేను నిండుతాయి, అప్పుడు ఎవరూ వెళ్ళమనలేరు కూడా. నువ్వు నాకు రాయకు.

డెల్విన్ థార్ప్

~

హ్యూవన్‌విల్
28 జూలై 1979

డెల్ తల్లీ,

రాయకన్నావు. రాస్తున్నాను. ఇష్టం లేకపోతే చదవకు, కాని పారెయ్యకు.

తప్పు నాది. ఒక డెబ్బై రెండేళ్ళ పెద్దమనిషిని, ఒక కేకును, ఒక నవ్వును కలిపి నా నోటితో నేనే కథ అల్లాను. అల్లినదాన్ని తీసుకెళ్ళి నా తమ్ముడి సూపులో వేశాను. చిలికి చిలికి గాలివాన అయిందంటారే, చిలికిన కవ్వం నేను. క్షమించమని అడిగే ముందు ఎందుకు అలా చేశానో చెప్పాలి.

బ్రిటన్ వాళ్ళు మన ఆపిళ్ళు కొనడం మానేశాక మీ తాత నాటిన చెట్లు ట్రాక్టరుకు గొలుసు కట్టి పీకేశారు. నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజునుంచి మీ నాన్న నోరు మూతపడింది. ఏడాది కాదు, రెండేళ్ళు. మీ అమ్మ ఆ మౌనంతో రెండేళ్ళు మాట్లాడింది. అరిచింది, బతిమాలింది, ఏడ్చింది. నేను కంచెకు ఇవతలినుంచి అన్నీ విన్నాను. విని మౌనం పక్షానే నిలబడ్డాను, అది నా తమ్ముడిది కాబట్టి. మోరీన్ వెళ్ళిపోతే, మొగుడు కష్టంలో ఉంటే వదిలేసిందని నలుగురిలో అన్నాను. ఆమె కష్టంలో ఉన్నప్పుడు నేనేం చేశానని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

ఇంకొకటి. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. ప్రేమ కొద్దీ చెప్పి ఉండరు, అదే తప్పు. వాళ్ళిద్దరూ మళ్ళీ కలవరు తల్లీ. ఈ డిసెంబరుకు కాదు, ఏ డిసెంబరుకూ కాదు. నువ్వు ఏం చేసినా, ఎక్కడ ఎన్ని పిన్నులు గుచ్చినా కాదు. నువ్వు చేసిన దేనివల్లా విడిపోలేదు కూడా.

మీ నాన్న సోమవారం తిరిగొచ్చాడు. ఏమైందిరా అని అడిగాను. "పిల్ల ఒక అంగుళం పెరిగింది" అన్నాడు. అంతే. మిగతాదంతా నీ ఉత్తరంలోనే చదివాను. చదివి షెడ్డు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

నీ మీద ఆయనకు కోపం లేదు. నా మాట నమ్మకపోతే నమ్మకు, ఈమధ్య నా మాటకు విలువ లేదు కదా. ఆయన్నే అడుగు.

మీ అత్త

~

హ్యూవన్‌విల్
14 ఆగస్టు 1979

డెల్,

నీ దగ్గరనుంచి జవాబు రాలేదు. మీ అమ్మ దగ్గరనుంచి వచ్చింది. ఆమెకు క్షమాపణ చెబుతూ నేను ముందు రాశాను లే. నాలుగు పేజీలు తిట్టింది, ఐదో పేజీలో నీ సంగతి రాసింది. తిట్లన్నీ న్యాయమైనవే, పుచ్చుకున్నాను.

రోజూ ఎనిమిదింటికి సంచి తగిలించుకుని బయలుదేరి, సముద్రంలోకి వెళ్ళే చెక్క వంతెన మీద కూర్చుంటున్నావట. తొమ్మిది రోజులుగా. నేను నిన్ను స్కూలుకు వెళ్ళమని అనడం లేదు. ఆ మాట అనడానికి నీకు చాలామంది ఉన్నారు.

నాకొక అవసరం వచ్చిపడింది. షెడ్డు వెనక పెద్ద నీలగిరి చెట్టు వేరు కుళ్ళింది. కొట్టెయ్యాలి. షెడ్డు వైపు తప్ప ఇంకో వైపు పడేసే వీలు లేదు, మిగతా మూడు వైపులా కరెంటు తీగలు. షెడ్డుకు తగులుతుందని లిండ్సే. తగలదని మీ నాన్న. రోజూ టీ దగ్గర ఇదే గొడవ. చెట్టెక్కి కొలిచే మనిషి లేడు. నీ ఆంటన్ గారు భూములు కొలిచినాయన కదా, నేలమీద నిలబడి చెట్టెత్తు చెప్పే ఉపాయమేమైనా ఉందేమో అడిగి రాయి. నాకు పదమూడో ఏట మా అమ్మ పోయింది, స్కూలు మాన్పించి ఆపిళ్ళ బల్ల ముందు నిలబెట్టారు. చూపుతో పండు బరువు చెప్పగలను గాని, చెట్టెత్తు చెప్పలేను.

తొందరగా. పైకప్పు కింద మేము పద్దెనిమిది మందిమి పనిచేస్తాం.

థోరా

~

జీలాంగ్
26 ఆగస్టు 1979, ఆదివారం

అత్తయ్యా,

ఆంటన్ గారిని అడగక్కర్లేదు. నాకే తెలుసు.

ఒక కోణమాని తీసుకో. మధ్య రంధ్రానికి దారం కట్టి, దాని చివర ఒక బరువైన నట్టు వేలాడదీయి. చెట్టు మొదలునుంచి సమంగా ఉన్న నేల మీద కొలిచి కొంతదూరంలో నిలబడు. కోణమాని అంచు వెంబడి చెట్టు చిటారుకొమ్మను చూడు. అప్పుడు దారం ఎక్కడ నిలిచిందో ఇంకొకరు చదవాలి. సున్నా ఎక్కడుందో సరిగ్గా చూసుకో, బొమ్మ వెనక వేశాను. నాకు నాలుగు అంకెలు కావాలి: చెట్టుకు నీకు మధ్య దూరం, కోణం, నేలనుంచి నీ కంటి ఎత్తు, చెట్టుకు షెడ్డుకు మధ్య దూరం. నీ కంటి ఎత్తు మరిచిపోకు, అందరూ అక్కడే తప్పుతారు.

ఇక వంతెన సంగతి. అమ్మ ఒకరోజు సగం సెలవు పెట్టి అక్కడికి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. వేడి వేడి బంగాళాదుంప ముక్కల పొట్లం విప్పి నా పక్కన కూర్చుంది. "నాకూ రోజూ పొద్దున్నే ఆఫీసుకు కాకుండా ఇటొచ్చి కూర్చోవాలనిపిస్తుంది. ఇద్దరం కూర్చుంటే వంటెవరు చేస్తారే?" అంది. నవ్వొచ్చింది గాని, మర్నాడు కూడా అక్కడికే వెళ్ళాను.

ఆ మర్నాడు కూలా వచ్చింది. మా క్లాసే. గ్రీకు వాళ్ళ అమ్మాయి, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుంటుంది. ఇన్నాళ్ళ హోంవర్కు కాగితాలన్నీ నా ఒళ్ళో పడేసి, "ఇంక ఎన్నాళ్ళే, మోయలేక చస్తున్నాను" అంది.

"నీకెందుకు?" అన్నాను.

"మీ నాన్న ఉత్తరాల మీద హ్యూవన్‌విల్ ముద్ర ఉంది. పెంగ్విన్లకు పోస్టాఫీసు అక్కడుందా?"

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు మొదటి ఉత్తరం చూపించినప్పుడే. ఇంటి పేరు గ్రీకుదైనంత మాత్రాన నాకు చదవడం రాదనుకున్నావా?"

"మరెందుకు చెప్పలేదు ఎవరికీ?"

"మా నాన్న మిల్డ్యూరాలో ఉంటాడు. వేరే ఆవిడతో. ఇద్దరు చిన్నపిల్లలు కూడా. నేను అందరితో లారీ తోలుతాడని, దూరం వెళ్తాడని చెబుతాను. రెండేళ్ళుగా తోలుతూనే ఉన్నాడు పాపం. నీదే నయం, ఒక్క ఏడాదిలో అయిపోతుంది" అంది.

ఇద్దరం పిచ్చిపట్టినట్టు నవ్వాం అత్తయ్యా. చేపలు పట్టే ముసలాయన "అవతలికి పొండర్రా, చేపలు పారిపోతున్నాయి" అని కసిరాడు.

సోమవారం స్కూలుకు వెళ్ళాను. ముందు మిస్ పాస్కోకు చెప్పాను. ఆమె, "ఆ ఆపిళ్ళాయన..." అంది. అవునన్నాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది. "నేను మార్కులు వేసింది నువ్వు చెప్పిన తీరుకు, మీ నాన్న ఉద్యోగానికి కాదు. పిన్ను నేను తీసెయ్యనా?" అంది. నేనే తీశాను. అందరి ముందు. తీసి టాస్మేనియా మీద గుచ్చాను. జానిస్ చెయ్యెత్తి, "అయితే పెంగ్విన్లు కూడా అబద్ధమేనా?" అని అడిగింది. "పెంగ్విన్లు నిజం, నాన్నొక్కడే అబద్ధం" అన్నాను. అది అంటుంటే నోరు చేదుగా అయింది. ఇప్పుడు నా పేరు పెంగ్విన్. రెండు రోజుల్లో మరిచిపోతారని కూలా అంటోంది. నాకలా అనిపించడం లేదు.

నాన్నకు విడిగా రాశాను. అందులో ఏముందో నీకు చెప్పను. ఆయన చెబితే విను.

డెల్

~

హ్యూవన్‌విల్
6 సెప్టెంబరు 1979

నా బంగారు పెంగ్విన్,

అంకెలు ముందు రాస్తాను, లేకపోతే కబుర్లలో పడి మరిచిపోతాను. చెట్టుకు నాకు మధ్య అరవై అడుగులు. కోణం యాభై నాలుగు డిగ్రీలు. నా కంటి ఎత్తు ఐదడుగులు. చెట్టుకు షెడ్డుకు మధ్య తొంభై నాలుగడుగులు. మూడుసార్లు చూశాం. నేను ఒక కన్ను మూసి చూస్తుంటే మీ నాన్న పక్కన వంగి దారం చదివాడు. షెడ్డంతా పని మానేసి వినోదం చూసింది. నేను మొదటిసారి కోణమాని తలకిందులుగా పట్టుకున్నాను. "అక్కా, ఆ లెక్కన చెట్టు భూమిలోకి పెరుగుతోంది" అన్నాడు మీ నాన్న. అని నవ్వాడు! మూడేళ్ళయింది డెల్, వాడి పళ్ళు నేను చూసి.

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. అందులో ఏముందో నాకూ చెప్పలేదు. నేను అడగలేదు. చూశావా, ఎంత మారానో! ఒక్క మాట మాత్రం తనే అన్నాడు. "ఆ గదిలో నిలబడి ఆ పటం చదివినప్పుడు, నాకు పిల్ల మీద కోపం రాలేదక్కా. నిజంగానే రెండేళ్ళు నేను మంచులో ఉన్నాననిపించింది. పిల్ల సరిగ్గానే రాసింది" అన్నాడు. అది నీకు చెప్పమనలేదు. వద్దనీ అనలేదు.

ఆదివారాలు నీకు రాస్తానన్నాడు. ఉత్తరాలు పొట్టిగా ఉంటాయి, చిన్నబుచ్చుకోకు. వాడికి అది అలవాటు లేని వ్యవసాయం.

చెట్టెత్తు కోసం ఎదురుచూసే,
పద్దెనిమిది మంది తరఫున, థోరా

~

జీలాంగ్
11 సెప్టెంబరు 1979

అత్తయ్యా,

ఎనభై ఏడున్నర అడుగులు. షెడ్డుకు ఆరడుగుల ఇవతలే ఆగుతుంది. నాన్నదే గెలుపు. అయినా కొట్టే రోజు అందరినీ బయట నిలబెట్టు. నా లెక్క మీద నాకు నమ్మకమే గాని, పద్దెనిమిది మంది మీద పందెం కాయను. ఆంటన్ గారు చూసి, "నేను సంతకం పెడతాను దీని కింద" అన్నారు. ఆయన అలా ఎవరికీ అనరట.

పరీక్ష చదవాలి. ఇంతే.

పెంగ్విన్ (మరిచిపోలేదు ఎవరూ)

~

హ్యూవన్‌విల్
1 అక్టోబరు 1979

డెల్,

శుక్రవారం చెట్టు పడింది. చిటారుకొమ్మ ఆకులకు, షెడ్డు గోడకు మధ్య లిండ్సే టేపు పెట్టి కొలిచాడు. ఐదడుగుల పది అంగుళాలు. ఆ టేపు చుట్టుకుంటూ, "ఎవరమ్మాయి ఈ లెక్క వేసింది?" అని తెలిసి తెలిసీ గట్టిగా అడిగాడు. మీ నాన్న, "నా కూతురు" అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు.

ఇంకేం రాయాలో తోచడం లేదు. ఈ పూటకు ఇది చాలు నాకు.

అత్త

~

జీలాంగ్
2 డిసెంబరు 1979, ఆదివారం

థోరా అత్తయ్యా,

నాన్న ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు. ఆయన నీకు "బాగా జరిగింది" అని రెండు ముక్కల్లో చెప్పి ఉంటాడు, అందుకని మిగతాది నేను రాస్తున్నాను.

లెక్కల్లో అరవై నాలుగు వచ్చింది. తొంభై కాదు. అయినా వెనక బెంచీనుంచి మూడో బెంచీకి వచ్చాను, కూలా పక్కకు. నెట్‌బాల్ జట్టులో కూడా తీసుకున్నారు, పొడుగున్నానని. ఆట మధ్యలో అందరూ "పెంగ్విన్, ఇటు!" అని అరుస్తుంటే మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా డెల్విన్ అంటే ఎవర్నో పిలుస్తున్నట్టుంది.

గురువారం సాయంత్రం టీచర్లు, తల్లిదండ్రుల సమావేశం. నాన్న వస్తానని రాస్తే అమ్మ, "రానీ. నాకేం?" అంది. అని ఆ పొద్దున రెండుసార్లు జుట్టు దువ్వుకుంది, చిరాకుతో. మిస్ పాస్కో బల్ల ముందు రెండే కుర్చీలున్నాయి. ముగ్గురం నిలబడి వాటిని చూశాం. మూడో కుర్చీ నాన్నే తెచ్చాడు. మిస్ ఆయనతో చెయ్యి కలిపి, "ఆపిళ్ళు చాలా బాగున్నాయి, మిస్టర్ థార్ప్" అంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "చెట్టు మంచిదండీ" అన్నాడు.

వచ్చే ఏడాది ఏ సబ్జెక్టులు అన్న దగ్గర మొదలైంది. నాన్న లెక్కలు, సైన్సు అన్నాడు. అమ్మ టైపింగ్ కూడా ఉండాలంది. "చేతిలో ఒక పని ఉంటే ఎవరిమీదా ఆధారపడక్కర్లేదు, నాకు తెలుసు ఆ కష్టం" అంది. నాన్న, "దానికి బుర్ర ఉంటే టైపు కొట్టుకోమంటావేంటి మోరీన్?" అన్నాడు. "నాకు బుర్ర లేకనే కొడుతున్నానా క్లెమ్?" అంది అమ్మ. మిస్ కలం తిప్పుకుంటూ కూర్చుంది. ఇదివరకైతే ఈపాటికి లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి నాకు ఇంకొకటి తోచింది. నాన్న మాట్లాడుతున్నాడు! అమ్మ ఒక మాటంటే నాన్న ఒక మాట అంటున్నాడు. ఇలా ఆ రెండేళ్ళలో ఒక్కసారైనా పోట్లాడుకున్నా ఎంత బాగుండేదో అనిపించింది. అనిపించి ఊరుకున్నాను, అది అయిపోయిన సంగతి కదా.

"రెండూ తీసుకుంటాను. ఫ్రెంచి మానేస్తాను. నాకు ఫ్రెంచి అసలు రాదు" అన్నాను. ముగ్గురూ నా వైపు తిరిగారు. మిస్ రాసేసుకుంది.

బయటికి వచ్చేసరికి ఏడైంది, ఇంకా ఎండ ఉంది. నాన్న బస చేసిన ఇల్లు గేటుకు ఎడమవైపు. అమ్మ బస్సు కుడివైపు. ఇద్దరూ గేటు దగ్గర ఆగారు. ఒకరు సంచి సర్దుకుంటున్నట్టు, ఒకరు టోపీ సర్దుకుంటున్నట్టు నిలబడ్డారు. నేను ఎవరితో వస్తానో అడగడానికి ఇద్దరికీ నోరు రావడం లేదు. నాకు తెలుసు అత్తయ్యా, రెండేళ్ళుగా ప్రతి గేటు దగ్గరా, ప్రతి గుమ్మం దగ్గరా ఇదే. ఎటు అడుగు వేసినా రెండో వైపు ఒక మొహం చిన్నబోతుంది.

అప్పుడు కూలా రోడ్డు అవతలినుంచి, "పెంగ్విన్! వస్తున్నావా లేదా? మా అమ్మ పాలకూర రొట్టె పొయ్యిలోంచి తీసేసింది!" అని కేకేసింది.

"నేను కూలా వాళ్ళింటికి. తొమ్మిదికల్లా వచ్చేస్తానమ్మా. నాన్నా, రేపు పొద్దున స్టేషనుకు వస్తాను" అన్నాను.

అమ్మ నాన్న వైపు చూసింది, నాన్న అమ్మ వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

రోడ్డు దాటాక ఒక్కసారి వెనక్కి చూశాను. ఇంకా గేటు దగ్గరే నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆగి విందామా అనిపించింది. కాని కూలా అప్పటికే సందు మలుపు తిరిగిపోయింది, రొట్టె చల్లారిపోతుంది. పరుగెత్తాను.

డెల్